డెట్రాయిట్‌లో ఉద్యోగం, శివారులో ఇల్లు: హనుమకొండ నుంచి బయలుదేరే ముందు ఏది ముందు, ఏది తర్వాత

నయీంనగర్‌లో అద్దె ఇల్లు చూడటానికి వెళ్లే మనిషి గదుల కొలతల కంటే ముందు గోడ మీది నీటి మరక చూస్తాడు. "2020లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి? 2023లో?" అని పక్కింటివాళ్లను అడుగుతాడు. నాలా ఎంత దూరం, ఎండాకాలంలో బోరు పోస్తుందా, బడి బస్సు వీధిలోకి వస్తుందా, రాత్రి పది దాటాక కాజీపేట స్టేషన్ నుంచి ఆటో దొరుకుతుందా, అన్నీ తేల్చుకున్నాకే అడ్వాన్సు ఇస్తాడు.

అదే మనిషి కూతురికి అమెరికాలోని డెట్రాయిట్‌లో ఉద్యోగం వచ్చిందనగానే ఆ తెలివంతా అటక మీద పెట్టి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు: "ఆ ఊరు మంచిది కాదట కదా?"

నేను ఆ ఊరి శివార్లలో కొన్నేళ్లు ఉండి వచ్చాను. సుబేదారిలో ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు విస్తరి ముందే ఫోనులో పటం తెరిచి "ఇక్కడ తీసుకోవచ్చా?" అంటున్నారు. విడివిడిగా చెప్పి అలసిపోయి ఒకేచోట రాస్తున్నాను. పెద్ద నగరాల్లో చెడ్డపేరున్న వేరే ఊరికి వెళ్లేవారికీ ఈ వరస పనికొస్తుంది. చట్టాలు, పన్నులు మాత్రం డెట్రాయిట్ ఉన్న మిషిగన్ రాష్ట్రానివి.

1. చెడ్డపేరును ముక్కలు చేయండి

"మంచిది కాదు" అన్న మాటలో కనీసం నాలుగు భయాలు ఉంటాయి: తుపాకులు, కారు దొంగతనం, బడి బాగుండదేమోనని, ఆడపిల్ల రాత్రిపూట ఒంటరిగా రావాలని. వీటిని కాగితం మీద విడివిడిగా రాయండి. ఒక్కోదానికి జవాబు ఒక్కోచోట దొరుకుతుంది.

డెట్రాయిట్ నగరంలో 2024లో 203 హత్యలు జరిగాయి. 1965 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ సంఖ్య ఎప్పుడూ లేదు. అయినా సుమారు ఆరున్నర లక్షల జనం ఉన్న ఊరికి అది చిన్న సంఖ్య కాదు. రెండు మాటలూ నిజమే. "అంతా మారిపోయింది" అనేవాణ్నీ, "అడుగుపెడితే చంపేస్తారు" అనేవాణ్నీ సమానంగా పక్కన పెట్టండి.

ఇక మనవాళ్ల నోట ఎక్కువగా వినిపించే సూత్రం ఒకటుంది: "8 మైల్ రోడ్డుకు కింద ఇల్లు తీసుకోవద్దు." నగరానికి ఉత్తరపు హద్దు ఆ రోడ్డే కాబట్టి ఈ మాట పుట్టింది. కానీ అది పడమటికి మైళ్ల తరబడి సాగిపోతుంది. తెలుగువాళ్లు బాగా ఉండే నోవైకి దక్షిణపు హద్దు అదే రోడ్డు. (మనం "నోవి" అంటాం, అక్కడివాళ్లు "నోవై" అంటారు.) మన కుటుంబాలు ఎన్నో ఉన్న కాంటన్ ఆ రోడ్డుకు దక్షిణాననే ఉంది. నగరాన్ని ఆనుకుని తూర్పున ఉన్న గ్రాస్ పాయింట్ కూడా దక్షిణమే, అక్కడి ఇళ్ల ధరలు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఒక గీత చూసి ఇల్లు ఎంచుకోవడమంటే హంటర్ రోడ్డుకు ఆవలా ఈవలా అని చెప్పి హనుమకొండనంతా తేల్చేయడమే.

నగరాన్ని ఆనుకుని ఉత్తరాన ఉన్న సౌత్‌ఫీల్డ్‌ను మనవాళ్లు చాలామంది చూడకుండానే కొట్టేస్తారు. ఎందుకంటే అక్కడ నల్లజాతివారు ఎక్కువ. ఈ మాట పైకి అనరు, "ఏరియా వేరు" అంటారు. ఆఫీసులు దగ్గర, ఎం-10, ఐ-696 రహదారులు రెండూ చేతికందేంత దూరం. పొరుగువారి రంగు చూసి ఇల్లు వదులుకునేవారికి ఈ వ్యాసంలో సాయం లేదు.

నేరాల లెక్కలు చూసేటప్పుడు ఒక మెలిక గుర్తుంచుకోండి. లక్ష జనాభాకు ఇన్ని అని వేసే లెక్కలో ఆ ఊళ్లో నివసించేవారే ఉంటారు, బయటి నుంచి వచ్చి పోయేవారు ఉండరు. ట్రాయ్, నోవై, ఆబర్న్ హిల్స్‌లలో పెద్ద మాల్స్ ఉన్నాయి. వాటిలో జరిగే దుకాణాల దొంగతనాలన్నీ ఆ ఊరి ఖాతాలోనే పడతాయి. అందుకే హింసాత్మక నేరాల వరస, ఆస్తి నేరాల వరస వేరువేరుగా చూడాలి.

2. పని చేసే చోటు తెలియకుండా పటం తెరవకండి

ఆఫర్ లెటర్ మీద ఉన్న చిరునామా మీరు రోజూ వెళ్లే చోటు కాకపోవచ్చు. కన్సల్టెన్సీ ద్వారా వెళ్లేవారికి తరచూ అది వేరే చోటే. కాగితం మీద ట్రాయ్ ఉంటుంది, క్లయింటు డియర్‌బోర్న్‌లో ఉంటాడు.

మేనేజరుకు ఈ మూడూ రాసి అడగండి:

- క్లయింటు కార్యాలయం ఏ భవనంలో, ఏ వీధిలో?
- వారానికి ఎన్ని రోజులు రావాలి, ఎన్నింటికి?
- ప్రాజెక్టు ఎంతకాలం? ఏడాది లోపు మారే అవకాశం ఉందా?

మూడో ప్రశ్నకు స్పష్టమైన జవాబు రాకపోతే పన్నెండు నెలల లీజు మీద సంతకం పెట్టకండి. నెలవారీగా తీసుకునే వీలున్న చోట మొదటి నెల గడపండి, అద్దె కాస్త ఎక్కువైనా సరే.

జవాబు వచ్చాక వెతుకులాట ఇలా మొదలుపెట్టవచ్చు. ఫోర్డ్ ఉన్న డియర్‌బోర్న్ అయితే కాంటన్, లివోనియా, ఫార్మింగ్టన్ హిల్స్. జనరల్ మోటార్స్ సాంకేతిక కేంద్రం ఉన్న వారెన్ అయితే స్టెర్లింగ్ హైట్స్, ట్రాయ్, మాడిసన్ హైట్స్. స్టెల్లాంటిస్ ఉన్న ఆబర్న్ హిల్స్ అయితే రోచెస్టర్ హిల్స్, ట్రాయ్. డెట్రాయిట్ డౌన్‌టౌన్ అయితే ఫెర్న్‌డేల్, రాయల్ ఓక్, సౌత్‌ఫీల్డ్. ఒంటరిగా వెళ్లేవారికి డౌన్‌టౌన్‌లోనే అపార్ట్‌మెంటు కూడా పనికిరాని ఆలోచన కాదు, 5వ మెట్టు చదివి నిర్ణయించుకోండి.

గుడి దగ్గరగా ఉండాలనే కోరికను ఇక్కడే పక్కన పెట్టమంటాను. నోవైలో వేంకటేశ్వరస్వామి గుడి, ట్రాయ్‌లో భారతీయ టెంపుల్ ఉన్నాయి. శనివారం పదిహేను మైళ్లు వెళ్లి దండం పెట్టుకోవచ్చు. ఆఫీసు రోజూ పదిహేను మైళ్లు ఎక్కువైతే మాత్రం దండం పెట్టే ఓపిక మిగలదు.

3. ప్రయాణ సమయం: మన పొద్దున వాళ్ల అర్ధరాత్రి

ఇది నా తప్పే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. హనుమకొండలో పొద్దున తొమ్మిదింటికి టీ తాగుతూ పటంలో ఇంటి నుంచి ఆఫీసుకు ఎంతసేపో చూశాను. 24 నిమిషాలు అంది. మూడు రోజులు చూశాను, అదే మాట. సంతోషంగా లీజు మీద సంతకం పెట్టాను. మన తొమ్మిది గంటలప్పుడు అక్కడ ముందురోజు రాత్రి పదకొండున్నర అని నాకు తట్టలేదు. ఖాళీ రోడ్డు మీది 24 నిమిషాలను నమ్ముకుని ఏడాదిపాటు రోజూ యాభై నిమిషాలు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను.

మీరు ఇలా చేయండి:

1. పటంలో "చేరాల్సిన సమయం" అనే సౌకర్యం వాడి, అక్కడి మంగళవారం ఉదయం 8:30 అని పెట్టి చూడండి.
2. తిరుగు ప్రయాణానికి సాయంత్రం 5 గంటలకు బయలుదేరినట్టు పెట్టండి. సాయంత్రమే ఎక్కువ బాధిస్తుంది.
3. కళ్లారా చూడాలంటే వేసవిలో మన సాయంత్రం 5:30కు రద్దీ తెరవండి, అక్కడ ఉదయం 8 అవుతుంది. చలికాలంలో అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి మనకు 6:30.
4. వచ్చిన సమయానికి మంచు రోజుల కోసం మూడోవంతు కలపండి. వేసవిలో రహదారుల మరమ్మతులు ఉంటాయి కాబట్టి ఆ కలిపింది తీసేయకండి.

బస్సుల మీద లెక్క వేయకండి. స్మార్ట్ సంస్థ బస్సులు శివార్లలో నడుస్తాయి కానీ హనుమకొండ చౌరస్తాలో నిలబడితే వచ్చినట్టు రావు. లివోనియా లాంటి ఊళ్లు ఆ వ్యవస్థలోనే లేవు. భార్యాభర్తల్లో ఒకరికే కారు ఉంటే, రెండో మనిషి నడిచి కూరగాయలు తెచ్చుకోగల చోటు వెతకండి. లేకపోతే తొలి చలికాలం ఆ మనిషికి ఇల్లే జైలు.

4. ఊరి పేరు వేరు, బడి జిల్లా వేరు

పిల్లలు ఉన్నవారు ఎక్కువగా పడే గొయ్యి ఇది. బడి జిల్లా అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే విభాగం. మిషిగన్‌లో దాని హద్దులు ఊరి హద్దులతో కలవవు. నోవై చిరునామా ఉన్న ఇల్లు నార్త్‌విల్, వాల్డ్ లేక్ లేదా సౌత్ లయన్ బడి జిల్లాలో ఉండవచ్చు. ట్రాయ్‌లో కొన్ని వీధులు ఆవండేల్‌కు, కొన్ని బర్మింగ్‌హామ్‌కు, కొన్ని వారెన్ కన్సాలిడేటెడ్‌కు వెళతాయి. వాటిలో మంచి బడులు లేవని కాదు. మీరు అనుకున్న బడి కాదు, అంతే.

ప్రకటనలో "ట్రాయ్ స్కూల్స్" అని రాసి ఉన్నా నమ్మకండి. ఇంటి నంబరు, వీధి పేరు చెప్పి బడి జిల్లా కార్యాలయానికే ఫోను చేయండి. మన రాత్రి 7:30కు చేస్తే వేసవి వేళల్లో అక్కడ ఉదయం 10. రెండు ప్రశ్నలు చాలు: ఈ ఇంటికి ఏ బడి? ఆ తరగతిలో ఈ ఏడాది చోటు ఉందా, లేక పిల్లల్ని వేరే బడికి పంపుతున్నారా?

కిండర్‌గార్టెన్‌కు సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్లు నిండాలి. డిసెంబరు 1 లోపు నిండే పిల్లలకు తల్లిదండ్రులు రాతపూర్వకంగా అడిగితే చేర్చుకునే వీలుంది.

ఇక్కడి నుంచి తీసుకెళ్లాల్సిన కాగితాలు:

- గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్ లేదా మీ పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, ఇంగ్లిషులో. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట పొట్టి అక్షరంగా ఉంటే బయలుదేరే రెండు నెలల ముందే సరిచేయించండి.
- టీకాల పట్టిక, తేదీలతో, డాక్టరు సంతకం, ముద్రతో. అంగన్‌వాడీ కార్డు మీది చెదిరిన సిరా అక్కడ ఎవరికీ అర్థం కాదు, కొత్తగా టైపు చేయించండి.
- గత రెండేళ్ల మార్కుల పత్రాలు, బదిలీ పత్రం.

ఇంటి చిరునామాకు రుజువు మాత్రం లీజు నుంచే వస్తుంది. అందుకే లీజు ముందు, బడి తర్వాత.

5. అద్దెలో కనబడని అద్దె

రెండు అపార్ట్‌మెంట్లకు నూట యాభై డాలర్ల తేడా ఉందని చవకదాన్ని తీసుకుంటారు. ఆ మిగిలింది కారు ఇన్సూరెన్స్ మింగేస్తుంది. మిషిగన్‌లో కారు ఇన్సూరెన్స్ ఖరీదెక్కువ, అది మీరు ఉండే చోటును బట్టి బాగా మారుతుంది. ఒకే మనిషికి, ఒకే కారుకు, కొద్ది మైళ్ల దూరంలో ఉన్న రెండు చిరునామాలకు వేరు వేరు ధర చెబుతారు. నగరంలోని చిరునామాకు ఎక్కువ.

పని సులువే. మీకు నచ్చిన ప్రతి చిరునామాకూ సంతకానికి ముందే ధర అడగండి. ప్రమాదంలో గాయపడితే కారు ఇన్సూరెన్స్ ఇచ్చే వైద్య ఖర్చుల రక్షణ ఎంతవరకు కావాలో ఎంచుకునే వీలు 2020 జులై నుంచి వచ్చింది. చిరునామాలను పోల్చేటప్పుడు అన్నింటికీ ఒకే స్థాయి పెట్టి అడగకపోతే పోలిక తప్పుతుంది. డబ్బు మిగులుతుందని అన్నిటికంటే తక్కువ స్థాయి ఎంచుకోవద్దని నా సలహా, అక్కడి ఆసుపత్రి బిల్లు ఎలాంటిదో విన్నవారికి కారణం చెప్పనక్కర్లేదు.

రెండోది నగర ఆదాయపు పన్ను. డెట్రాయిట్‌లో నివసిస్తే 2.4 శాతం. శివారులో ఉండి నగరంలో పనిచేస్తే 1.2 శాతం. డెట్రాయిట్ చుట్టుముట్టిన హామ్‌ట్రామిక్, హైలాండ్ పార్క్ ఊళ్లకూ, ఆబర్న్ హిల్స్ పక్కనున్న పాంటియాక్‌కూ సొంత ఆదాయపు పన్నులు ఉన్నాయి. ట్రాయ్, నోవై, కాంటన్, సౌత్‌ఫీల్డ్‌లలో లేదు.

అద్దె పక్కన ఇవి కలిపి కూడిక వేయండి: కారు ఇన్సూరెన్స్, నగర పన్ను, చలికాలపు గ్యాసు బిల్లు, నీళ్ల బిల్లు, కారు నిలుపుకునే రుసుము, నెలకు పెట్రోలు. ఈ కూడిక వేశాక మొదట చవకగా కనిపించింది చాలాసార్లు మూడో స్థానానికి జారుతుంది.

6. వీధిని చూడటం

"ఇది సురక్షితమైన ప్రాంతమేనా?" అని లీజింగ్ ఆఫీసులో అడిగితే సూటిగా జవాబు రాదు. దాస్తున్నారని అనుకోకండి. 1968 నాటి గృహ వివక్ష నిరోధక చట్టం ప్రకారం, మనుషుల్ని చూసి ఒక ప్రాంతానికి తోలడం, మరో ప్రాంతం నుంచి తప్పించడం చట్టవిరుద్ధం. ఆ భయంతో ఏజెంట్లు ఆ ప్రశ్న దగ్గర నోరు కట్టేసుకుంటారు. ప్రశ్నను మార్చి అడగండి:

- గత ఏడాది ఈ పార్కింగులో ఎన్ని కార్ల అద్దాలు పగిలాయి?
- రాత్రి దీపాలు చెడిపోతే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు?
- ప్రధాన తలుపు తాళం పనిచేస్తోందా? వీడియోలో చూపిస్తారా?

ఆ ఊరి పోలీసుల అత్యవసరం కాని ఫోను నంబరుకు చేసి, ఫలానా అపార్ట్‌మెంటు నుంచి ఏ రకం ఫిర్యాదులు ఎక్కువగా వస్తాయని మర్యాదగా అడగవచ్చు. చాలాచోట్ల చెబుతారు.

పటంలో వీధి చిత్రాలు చూసేటప్పుడు మూలన ఉన్న తేదీ చూడండి. నాలుగేళ్ల కిందటి ఫొటోకు ఈనాటి అద్దె కడుతున్నారేమో. ఇంటి ముందు నుంచి రెండు వైపులా అర మైలు వెళ్లండి. మూతపడిన దుకాణాల వరస ఉందా, కాలిబాట ఉందా, పిల్లల సైకిళ్లు కనబడుతున్నాయా?

అక్కడున్న బంధువును పంపగలిగితే అంతకంటే మంచిది లేదు. కానీ "ఒకసారి చూసి రా బాబాయ్" అంటే ఆయన మధ్యాహ్నం వెళ్లి "బాగానే ఉంది బిడ్డా" అంటాడు. రాత్రి తొమ్మిదింటికి వెళ్లమనండి. పార్కింగు నుంచి తలుపుదాకా నడుస్తూ వీడియో కాల్ చేయమనండి. కుళాయి తిప్పించండి, హీటరు వేయించండి, పై అంతస్తు అడుగుల చప్పుడు వినండి.

7. నీళ్లు, మంచు

నయీంనగర్ బుద్ధి ఇక్కడ పూర్తిగా పనికొస్తుంది. 2021 జూన్ చివర కురిసిన వానకు డెట్రాయిట్, డియర్‌బోర్న్‌లలో వేల ఇళ్ల బేస్‌మెంట్లలోకి, అంటే నేల కింది గదుల్లోకి, మురుగునీళ్లు ఎదురెక్కాయి. ఐ-94 మీద కార్లు నీళ్లలో నిలిచిపోయాయి. కాబట్టి బేస్‌మెంటు ఉన్న ఇల్లు అయితే ఆ వారం ఏమైందని అడగండి. గోడ కింది భాగాన కొత్త రంగు ఒక గీతదాకానే ఉందంటే మీకు సంగతి అర్థమైపోతుంది.

సంప్ పంపు ఉందా అని కూడా అడగండి. మన సంపు నీళ్లు నింపుకోవడానికి, వాళ్లది నీళ్లు తోడి బయట పారేయడానికి. కరెంటు పోయినా నడిచే బ్యాటరీ ఉంటే ఇంకా మేలు.

మంచుకు మూడు ప్రశ్నలు: దారి మీది మంచు ఎవరు తీస్తారు? కారుకు పైకప్పు ఉందా? మంచు హెచ్చరిక రోజున వీధిలో కారు నిలపకూడదంటే ఎక్కడ పెట్టుకోవాలి?

8. డబ్బు పంపే ముందు

దొంగ ప్రకటనలకు ఒక పోలిక ఉంటుంది. అద్దె చుట్టుపక్కల కంటే బాగా తక్కువ, యజమాని "విదేశంలో" ఉంటాడు, తాళాలు పోస్టులో పంపుతానంటాడు, ఇవాళే డబ్బు వేయమంటాడు. అక్కడ ఆగిపోండి. ఇల్లు అయితే ఆ ఊరి ఆస్తి పన్ను రికార్డుల్లో యజమాని పేరు చూడండి. అపార్ట్‌మెంటు అయితే ప్రకటనలోని నంబరుకు కాకుండా ఆ సముదాయం సొంత వెబ్‌సైటులోని నంబరుకు చేయండి.

కొత్తగా వెళ్లేవారికి అక్కడ క్రెడిట్ చరిత్ర ఉండదు. ఆఫర్ లెటర్, పాస్‌పోర్టు, వీసా, బ్యాంకు నిల్వ పత్రం ఒకే పీడీఎఫ్‌గా సిద్ధం చేసుకుని ముందే చెప్పండి. ఎక్కువ డిపాజిట్ అడగవచ్చు, అయితే మిషిగన్ చట్టం ప్రకారం అది ఒకటిన్నర నెలల అద్దెకు మించకూడదు.

లీజులో వెతకాల్సిన పంక్తులు: గడువుకు ముందే ఖాళీ చేస్తే ఎంత కట్టాలి, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, వేరొకరికి అప్పగించవచ్చా. ఉద్యోగం బదిలీ అయితే తప్పుకునే వీలు ఉండాలని అడగండి. ఇవ్వకపోవచ్చు, అడిగితే పోయేదేమీ లేదు.

ఆర్టీఏ ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఈలోగా తీసుకోండి. దానికి ఏడాది గడువు. అక్కడ స్థిరపడగానే మిషిగన్ లైసెన్సుకు దరఖాస్తు చేయడం తప్పదు.

9. తాళాలు చేతికొచ్చిన వారం

ఇంటి స్థితిని రాసే పట్టిక రెండు ప్రతులు ఇస్తారు. గీత, మరక, పగులు, ఊగే తలుపు, అన్నీ రాసి ఏడు రోజుల్లో ఒక ప్రతి తిరిగి ఇవ్వాలి. సామాను విప్పే హడావుడిలో మనవాళ్లు దీన్ని డ్రాయరులో పడేస్తారు. ఏడాది తర్వాత పాత మరకకు డిపాజిట్ కోత పడుతుంది. సామాను తర్వాత విప్పండి, ఖాళీ గదుల ఫొటోలు ముందు తీయండి.

ఖాళీ చేసేటప్పుడు కొత్త చిరునామాను నాలుగు రోజుల్లోపు రాతపూర్వకంగా ఇవ్వండి. అప్పుడు యజమాని ముప్పై రోజుల్లో డిపాజిట్ అయినా పంపాలి, కోతల జాబితా అయినా పంపాలి.

10. కొనే ఆలోచన ఉంటే

ఒక చలికాలం అద్దెకు గడపకుండా కొనవద్దు. ఇల్లు అమ్మేవారు కడుతున్న ఆస్తి పన్ను రసీదు చూసి మీ పన్నూ అంతే అనుకోవద్దు. 1994 నాటి సవరణ ప్రకారం అక్కడ పన్ను లెక్కకు తీసుకునే విలువ ఏటా పెరగడానికి పరిమితి ఉంది: ద్రవ్యోల్బణం లేదా 5 శాతం, ఏది తక్కువైతే అది. ఇల్లు చేతులు మారగానే మరుసటి ఏడాది ఆ పరిమితి ఎగిరిపోయి, విలువ మార్కెట్ ధరలో సగానికి చేరుతుంది. ఇరవై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉన్న ముసలాయన కట్టే పన్ను మీకు రెట్టింపు కావచ్చు. ఆ ఊరి పన్ను కార్యాలయానికి ఫోను చేసి, మీరు కొనే ధర చెప్పి, వచ్చే ఏడాది పన్ను ఎంతో అంచనా వేయించుకోండి.

కొన్నాక సొంత నివాసపు మినహాయింపు పత్రం జూన్ 1 లోపు ఇవ్వండి, ఆ ఏడాది వేసవి బిల్లు నుంచే తగ్గుతుంది.